మా సాయబానులో చదివిన నవలలు

ఈమధ్య వచ్చిన నవలల గురించి నాకు తోచింది రాయమని మా పక్కింటి కోడలు చాలా రోజులుగా అడుగుతోంది. రాసిస్తే ఫోనులో ఎక్కడో పెడతానంటుంది. ఇట్లాంటివి రాసేవాళ్లు పుస్తకం పేరు, రచయిత పేరు, వెల చెప్పి మొదలుపెడతారని నాకు తెలుసు. నేను పేర్లు రాయను. పేరు పోతే మనిషికి ఏమవుతుందో నేను చూశాను.

నాకు చదువు నలభై దాటినంక వచ్చింది. మాది పోచంపల్లిలో మగ్గం ఇల్లు. నా భర్త నేసేవాడు, నేను ఆసు పోసేదాన్ని. చట్రం మీద ఒక దిక్కు ఒక మేకు, దానికి ఎదురుగా నెలవంక లాగా వరసగా మేకులు ఉంటాయి. దారాన్ని ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు చేత్తో తిప్పుతూ పోవాలి. పొద్దున కూర్చుంటే మాపటిదాకా అదే పని. రాష్ట్రం వచ్చిన కొత్తలో నా భర్త పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు పక్కింటికి కొత్త కోడలు వచ్చింది. డిగ్రీ మధ్యలో మాన్పించి పెళ్లి చేశారు. ఆమెకు ఆసు రాదు, నాకు అక్షరం రాదు. "జర మా పిల్లకు చెయ్యి తిరుగుడు నేర్పు వదినె" అని వాళ్లత్త తెచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. నేను ఆమెకు దారం చూపిస్తుంటే ఆమె బొగ్గు ముక్కతో గచ్చు మీద నాకు అక్షరాలు రాసి చూపేది.

మాటలు కూడబలుక్కోవడం వచ్చినంక కూడా నాకు ఒక తప్పు పోలేదు. లైను చివరికి పోయినంక మళ్లీ మొదటికి వచ్చేదాన్ని కాదు. కింది లైనును ఆ కొన నుంచే అందుకొని వెనక్కి చదివేదాన్ని. ఆసు మీద చేయి ఎటు పోతే అటు నుంచే దారంతో తిరిగి వస్తుంది. ఖాళీ చేత్తో వెనక్కి రావడం నా చేతికి తెలియదు. "అత్తమ్మా, పుస్తకం ఆసు కాదు. మల్ల గీ దిక్కుకు రా" అని ఆ పిల్ల నా వేలు పట్టి ఎడమ దిక్కుకు గుంజేది.

ఆ తప్పు పోయింది. ఇంకొకటి చాలా ఏళ్లు ఉండిపోయింది. నోరు మూసుకొని చదవడం నాకు వచ్చేది కాదు. మాట నోట్లోంచి బయటికి వచ్చి నా చెవిలో పడితేనే అదేం మాటో నాకు తెలిసేది. చిన్నప్పుడు బడికి పోయినవాళ్లకు ఇది అర్థం కాదు. వాళ్ల కన్ను ముందు పోతుంది, నోరు వెనక వస్తుంది. నాకు నోరే ముందు పోయేది.

అందుకే మా వాడకు చదివిపెట్టేదాన్ని నేనయ్యాను. మధ్యాహ్నం తిన్నాక నలుగురైదుగురు ఆడవాళ్లు తమ తమ రాట్నాలు తెచ్చుకొని మా ఇంటి ముందరి రేకుల సాయబానులో కూర్చొని దారం కండెలు చుట్టేవాళ్లు. మా అత్త గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని కూర్చునేది. ఆమెకు కొడుకు ఒక్కడే, నా భర్త. కూతుర్ని ఆలేరులో ఇచ్చారు. కొడుకు పోయినంక అత్త నాతోనే ఉంది. పక్కింటి కోడలు గ్రంథాలయం నుంచి, హైదరాబాదు పుస్తకాల అంగళ్ల నుంచి కొత్త నవలలు తెచ్చేది. పాతవి వద్దని నేనే చెప్పేదాన్ని. ఇప్పటి మనుషులు ఇప్పుడు ఏం రాస్తున్నారో తెలుసుకోవాలని నా కోరిక. తెలుసుకున్నాను.

మొదటి పేజీలు మేము ఎన్నడూ చదవలేదు. ముందుమాటలు, ధన్యవాదాలు, చిన్న అక్షరాల్లో రాసినవి. "గవ్వన్ని ఇడిసిపెట్టు, కథలకు రా" అనేవాళ్లు అందరూ. రాట్నం ముందు కూర్చున్నవాళ్లకు ఓపిక తక్కువ.

డిటెక్టివ్ నవలలు ఎక్కువ చదివాం. ఇప్పటి డిటెక్టివ్ మంచివాడు కాకూడదు. తాగుతాడు, భార్య విడిచిపోయి ఉంటుంది, బూట్లతోనే మంచమెక్కుతాడు. ఊళ్లో ఒకడు చస్తాడు. అందరికంటే ముందు వాడి భార్యను అనుమానిస్తారు. ఏడిస్తే ఎందుకు ఏడ్చిందంటారు, ఏడవకపోతే ఎందుకు ఏడవలేదంటారు. చివరికి ఆమె చేయలేదని తేలుతుంది. తేలే పేజీలో ఆమె ఉండదు. డిటెక్టివ్ ఒక్కడే వానలో నిలబడి సిగరెట్టు కాలుస్తుంటాడు.

మా ఎదురింటామె నోరు ఊరుకోదు. "నువ్వు జెయ్యలేదని తెలిసిందమ్మా అని గా పిల్లకు ఎవలన్న చెప్పిండ్రా?" అని అడిగింది ఒకసారి.

"చెప్పలే."

"మరి ఏం తేల్చిండు వాడు, వాని మొకం."

అయినా ఆ నవలలంటే నాకు ఇష్టంగానే ఉండేది. ఒక మనిషి పోతే, ఎందుకు పోయాడని పుస్తకం పొడుగునా అడిగేవాడు ఒకడుంటాడు వాటిలో. నా భర్త పోయిననాడు మా ఇంటికి వచ్చిన పోలీసాయన నిలబడే రాసుకొని పోయాడు. చాయ్ తాగమన్నా కూర్చోలేదు.

ప్రేమ నవలల్లో అందరూ అద్దాల ఆఫీసుల్లో ఉంటారు. అబ్బాయి పంపిన మెసేజీకి జవాబు ఇవ్వాలా వద్దా అని అమ్మాయి పేజీలు పేజీలు ఆలోచిస్తుంది. వాళ్లు తాగిన కాఫీ కప్పులు ఎవరో కడుగుతారు. ఆ ఎవరో పుస్తకంలోకి రారు. వాళ్లు చేసే పని ఏమిటో కూడా ఎక్కడా ఉండదు.

"గా పిల్ల పనికెప్పుడు పోతది?" అని మా అత్త అడిగేది.

"పన్లనే ఉన్నది అత్తా."

"ఏం పని?"

"అది రాయలే."

"పాపం, సెలవు పెట్టిందేమో" అని తనే సర్దిచెప్పుకునేది.

దయ్యాల నవలలు ఇప్పుడు మళ్లీ బాగా వస్తున్నాయి. రాత్రి చదవొద్దని అట్ట మీదే రాస్తారు. మేము పట్టపగలు రాట్నాల చప్పుడులో చదివాం కాబట్టి మాకు భయం కాలేదు. నాకు ఒకటే కనిపించింది. దయ్యాలన్నీ ఆడవాళ్లే. ఎవడో చంపుతాడు, ఆమె జుట్టు విరబోసుకొని లేస్తుంది. మగవాడు పోయి, దయ్యమై, భార్య ముందుకొచ్చి నిలబడిన కథ నాకు ఇంతవరకు దొరకలేదు. దొరికితే చదవాలని ఉంది. అడిగేది ఒకటి ఉంది.

రాబోయే కాలం గురించి రాసిన నవల ఒకటి చదివాం. వందేళ్ల తర్వాతి హైదరాబాదట. అన్నం వండరు, ఒక గోలీ మింగితే రోజంతా ఆకలి కాదు. ఆ మాట చదవగానే రాట్నాలన్నీ ఆగాయి. "గిన్నెలు తోముడు లేదన్నట్టు! ఎప్పుడొస్తదట వదినె గా కాలం?" అని ఎదురింటామె నిజంగానే అడిగింది. కానీ ఆ పుస్తకంలో ఆకాశంలో బండ్లు తిరుగుతున్నా, మనిషి చంద్రుడి మీద జాగా కొంటున్నా, గోలీ మింగే భర్తకు నీళ్ల గ్లాసు తెచ్చిచ్చేది మాత్రం భార్యే. రాసినాయన వందేళ్లు ముందుకు పోయి కూడా ఆ గ్లాసును ఆమె చేతిలోంచి తీయలేదు.

మా జిల్లాలో దొరల మీద జరిగిన పోరాటం గురించి కూడా కొత్తగా రాస్తున్నారు. మా అవ్వల కాలం అది. మా అవ్వ ఆ రోజుల గురించి చెప్పినప్పుడు ఎక్కువగా చెప్పింది చలి గురించి, పసిపిల్ల ఏడవకుండా నోట్లో గుడ్డ పెట్టడం గురించి. ఈ నవలల్లో ఆడవాళ్లకు చలి పెట్టదు. నెల తప్పదు, కాలిలో ముల్లు విరగదు. నోరు తెరిస్తే నినాదమే. చచ్చిపోయేటప్పుడు కూడా వాక్యం పూర్తి చేసి చస్తారు.

మా యాసకు ఇప్పుడు గౌరవం వచ్చిందంటారు. వచ్చింది. ప్రతి నవలలో గిట్ల, గట్ల అని ఉంటుంది. కానీ ఎవరి నోట్లో ఉంటుందో చూడండి. తల్లి నోట్లో, తాగుబోతు నోట్లో, గొర్లు కాసేవాడి నోట్లో. వాళ్లింట్లోనే పుట్టి పెరిగిన కొడుకు పట్నంలో చదివొచ్చి పుస్తకాల భాష మాట్లాడతాడు. ఏడుపుకు మా మాట, ఆలోచనకు వేరే మాట. నేను కూడా ఇది పుస్తకాల భాషలోనే రాస్తున్నాను. నాకు రాయడం నేర్పింది ఆ పుస్తకాలే, ఏం చేయను.

ఇక మగ్గం మీద వచ్చిన నవల.

దాన్ని రాసినామె మా ఇంటికి వచ్చింది. అప్పటికి నాకు చదువు రాదు, నా భర్త పోయి ఏడాది దాటలేదు. హైదరాబాదు నుంచి బస్సు దిగి, ఎవరో చూపిస్తే మా గడపలోకి వచ్చింది. మంచి మనిషి. చెప్పులు బయట విడిచింది. నన్ను అక్కా అన్నది. నేను ఆసు పోస్తుంటే పక్కన కూర్చొని, నా భుజం చూసి, "నొప్పి పుట్టదా అక్కా?" అన్నది. అది అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడితే వేళ్లు నాక్కుంటూ తిన్నది.

నా భర్త ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. తనంత తానే ప్రాణం తీసుకున్నాడు. అప్పులు అందరికీ ఉన్నట్టే మాకూ ఉన్నాయి. మగ్గం మీద చీర సగం ఉంది. ఆ రోజు మా అత్త ఇంట్లో లేదు, ఆలేరులో కూతురి దగ్గర ఉంది. ఆయన రాత్రి మామూలుగా తిన్నాడు. "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు. "డబ్బా ఆడనే ఉన్నది, ఏసుకో" అన్నాను. ఏసుకున్నాడు, కలుపుకొని తిన్నాడు. అంతే. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. తెల్లారేసరికి మనిషి లేడు.

ఈ ఉప్పు సంగతి నేను మా అత్తకు చెప్పలేదు. కొడుకు చివరి అన్నంలో ఉప్పు తక్కువైందని తల్లికి ఏం చెప్పను? ఏం మాట్లాడిండు, ఏమన్నడు అని ఆమె నెలల తరబడి అడిగింది. ఏమీ అనలేదు అత్తా, తిని పండుకున్నడు అనేదాన్ని. బయటి మనిషి కాబట్టి ఆ రచయిత్రికి చెప్పుకున్నాను. చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను.

కొన్నేళ్ల తర్వాత పక్కింటి కోడలు ఎగురుకుంటూ వచ్చింది. "అత్తమ్మా, మన ఊరి నవల! ఫోన్ల అందరు గిదే మాట్లాడుతున్నరు" అని అట్ట చూపించింది. అట్ట మీద మగ్గం బొమ్మ ఉంది. రాసినామె ఫోటో వెనక ఉంది. నేను గుర్తుపట్టి అత్తకు చూపించాను. "గీమె మనింట్ల తిన్న పిల్లే కదా" అని అత్త కూడా సంబరపడింది. ఆ మధ్యాహ్నం సాయబాను నిండింది. ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు.

అప్పటికి నేను చదవడంలో కొంచెం పేరు తెచ్చుకున్నాను. ఊరికే చదివేదాన్ని కాదు. ముసలివాడి మాటకు ముసలి గొంతు, పోలీసు మాటకు పోలీసు గొంతు పెట్టేదాన్ని. కొట్లాటలు వస్తే అందరూ రాట్నం ఆపి వినేవాళ్లు. "కొట్లాట వదినె చదివితేనే కొట్లాట" అనేది ఎదురింటామె.

మొదటి రోజులు బాగున్నాయి. మా వీధులు, రంగుల బకెట్లు, హైదరాబాదు బస్సు కోసం నిలబడే చోటు, అన్నీ ఉన్నాయి. అది మా ఇల్లే అని అర్థమైంది. నేసేవాడు, ఆసు పోసే భార్య, తల్లి. అత్త కళ్లు తుడుచుకుంటూ, "మంచిగ రాసింది బిడ్డ" అన్నది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పేజీ వచ్చింది. భర్త అన్నం ముందు కూర్చున్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు. అది నేను చెప్పిన సంగతే, అయినా నోరు ఆగలేదు. కింది లైను భార్య మాట. కొట్లాట మాట అని ముందున్న వాక్యం చెప్పింది, కాబట్టి నేను గొంతు పెంచి, ఎప్పుడూ చదివినట్టే చదివాను.

"ఉప్పు కొనే మొగోనివైతే అడుగు."

చెవిలో పడినంక తెలిసింది ఏం చదివానో.

రాట్నాలు ఆగిపోయాయి. తర్వాతి లైన్లలో అతను విస్తరి ముందు నుంచి లేచి మగ్గం దిక్కు పోతాడు. అది నేను బయటికి చదవలేదు. కాదు, సగం చదివాను.

"ఆపినవేంది, చదువు" అన్నది అత్త.

"కండ్లు మండుతున్నయి."

"చదువు."

పక్కింటి కోడలు నా చేతిలోంచి పుస్తకం తీసుకొని మూసేసింది. ఎదురింటామె రాట్నం ఎత్తుకొని, "పొద్దు పోయింది, నల్లా వచ్చే యాల్లయింది" అని లేచింది. నల్లాకు ఇంకా చాలా టైముంది. ఒక్కొక్కరు లేచిపోయారు. అత్త కాళ్లు ముడుచుకొని కూర్చున్నది.

"ఉప్పు సంగతి నిజమేనా?" అన్నది.

"నిజమే అత్తా. తక్కువైందన్నడు. ఏసుకొమ్మన్న."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బాధ పడతవని."

"మరి గా మాట?"

"గా మాట నేననలే. అయ్యో, నేనెందుకంట అత్తా?"

"ఉప్పు సంగతి ఆమెకెట్ల తెల్సింది?"

"నేనే చెప్పిన."

"మరి గిది?"

నేను ఏమని చెప్పాలి? ఆమె లెక్క ప్రకారం, మా ఇంట్లో జరిగిన ఒక మాట ఆ పుస్తకంలో ఉంది, అది నేను చెప్పిందే. పక్కనే ఉన్న రెండో మాట మాత్రం పట్నంలో కూర్చొని ఎవరో కల్పించారంటే ఆమె ఎట్లా నమ్ముతుంది? అంత దూరం నుంచి బస్సు కిరాయి పెట్టుకొని వచ్చి, రొట్టె తిని, ఏడ్చిపోయిన మనిషి, జరగని మాట ఎందుకు రాస్తుంది? "నాకు చెప్పనిది ఆమెకు జెప్పినవు" అన్నది అత్త. "గుండెల బరువు దించుకున్నవు, మంచిదే." తెల్లారి సంచి సర్దుకొని ఆలేరు పోయింది.

వాడలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అది కూడా రాయాలి. ఎవరూ తిట్టలేదు. రాట్నాలు మాత్రం మా సాయబానుకు రాలేదు. ఎదురింటామె ఒక్కతే కొన్నాళ్లకు వచ్చి, "అననీ వదినె, కోపంల ఎవలం ఏమనం? నేను మా ఆయన్ను రోజు సావమంట, సస్తున్నడా?" అన్నది. నన్ను ఓదార్చడానికే అన్నది. నన్ను ప్రేమగా చూసే ఆ ఒక్క మనిషి కూడా నేను ఆ మాట అన్నాననే నమ్మింది.

ఆ నవలకు మంచి పేరు వచ్చింది. పక్కింటి కోడలు ఫోనులో చూపించేది, నేను కూడబలుక్కొని చదివేదాన్ని. జీవం ఉట్టిపడిందట. మట్టి వాసనట. చేనేత మీద వచ్చిన కథలన్నీ అప్పుల చుట్టే తిరిగాయి, ఇది మాత్రం ఇంటి లోపలికి చూసిందట. అంటే అప్పు పాతబడింది, కొత్త కారణం కావాలి. కొత్త కారణం నేనే.

నల్లగొండలో ఆ పుస్తకం మీద సభ అయితే పక్కింటి కోడలు నన్ను తీసుకుపోయింది. చిట్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. ఒక సారు లేచి మాట్లాడుతూ, నవల మొత్తానికి ఒక్క వాక్యం చాలన్నాడు. చేయెత్తి ఆ వాక్యం చదివాడు. ఉప్పు వాక్యం. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్నామె "అబ్బ" అన్నది. నిజంగా బాధపడే అన్నది, ముక్కు చీదుకుంది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి.

సభ అయినంక రచయిత్రి నన్ను చూసి గుర్తుపట్టింది. "అక్కా! మీరా!" అని రెండు చేతులూ పట్టుకుంది. "ఎవరైనా చదివి వినిపించారా?"

"నేనే చదివిన."

ఆమె ముఖంలో ముందు ఆశ్చర్యం, దాని వెనక ఇంకోటి వచ్చింది. "మీరు చదువు నేర్చుకున్నారా!" అన్నది. సంతోషంగా అనాలని చూసింది.

"గా మాట నేనెప్పుడన్న?" అన్నాను.

"అక్కా, అది మీరు కాదు. అది పాత్ర. మీ కథలోంచి పుట్టింది, అంతే. మొదటి పేజీలోనే రాశాం, పాత్రలు కల్పితమని."

"ఊరు మాది. ఆసు మాది. పప్పు మాది, ఉప్పు మాది. గా ఒక్క మాట ఎవలిదమ్మా?"

"మీరు చెప్పినట్టే రాస్తే..." అని ఆగింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, అందుకే ఆగింది. "మీరు చెప్పినట్టే రాస్తే అతను ఎందుకు చనిపోయాడో పాఠకుడికి అర్థం కాదక్కా."

"నాకు అర్థమైందా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి నేను వీపు నిమరలేదు. ఎవరో శాలువా కప్పడానికి ఆమెను పిలిచారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు ఒకటి తోచింది, ఇన్ని రకాల నవలలు చదివి నేను చెప్పగలిగింది అదొక్కటే. వాళ్లు మా గురించి రాస్తారు. కొందరు ప్రేమతోనే రాస్తారు. కానీ మేము చదువుతామని అనుకొని రాసిన నవల నాకు ఇంతవరకు ఒక్కటీ కనిపించలేదు. డిటెక్టివ్ కథలో ఆ భార్య, దయ్యం కథలో ఆ చచ్చిన ఆడది, గ్లాసు పట్టుకున్న ఆమె, వీళ్లలో ఎవరైనా ఒక మధ్యాహ్నం తమ పుస్తకం తామే తెరుస్తారేమో అనే భయం రాసినవాళ్ల ఏ పేజీలోనూ లేదు. కల్పించొద్దని నేను అనను. కల్పన లేకపోతే సాయబానులో అంతమంది ఎందుకు కూర్చునేవాళ్లు? కల్పించిన మాట బరువు ఎవరి మీద పడుతుందో చూసుకొని కల్పించాలి. ఆ రచయిత్రి ఆ మాటను భర్త నోట్లో పెట్టొచ్చు, దేవుడి నోట్లో పెట్టొచ్చు. తన నోట్లో పెట్టుకోవచ్చు.

ఆరునెలలకు మా ఆడబిడ్డ అత్తను తీసుకొచ్చి దింపిపోయింది. అక్కడ ఆమెకు పడలేదు, కాలికి వాపు వచ్చింది, దవాఖానకు తిప్పేవాళ్లు లేరు. నేను వేడినీళ్లు పెట్టి కాళ్లు కడిగాను. ఆమె వద్దనలేదు. నేను వండింది తింటుంది. ఉప్పు చాలిందా అని నేను అడగను, ఆమె చెప్పదు. ఒక మార్పు మాత్రం వచ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు, కూర్చుని గొణుక్కునేది, ఏమైందో ఏమైందో అని. ఇప్పుడు పడుకుంటుంది. ఆమెకు కారణం దొరికింది. నన్ను క్షమించాననే అనుకుంటుంది కూడా. ఒకరోజు నా తల మీద చేయి పెట్టి, "పోనియి బిడ్డ, నీకు మాత్రం ఏం తెల్సు గట్లయితదని" అన్నది. అనని మాటకు క్షమ తీసుకొని, ఆ చేయి కింద తల వంచుకొని కూర్చున్నాను.

ఆ నవల చదివినవాళ్లు ఇప్పుడు మా ఊరికి వస్తున్నారు. చీరలు కొనడానికి వచ్చి, మగ్గాలు చూసి, నవలలోని ఇల్లు ఏదని అడుగుతారు. ఎవరో ఒకరు చూపిస్తారు. మొన్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వచ్చారు. నేను లోపల చాయ్ పెడుతున్నాను. వాళ్లు అత్త దగ్గర కూర్చొని, మీ కొడుకు గురించి చెప్పండి అవ్వా అన్నారు. అత్త చెప్పింది. పప్పు, ఉప్పు, ఆ మాట. ఆ మాటకు వచ్చేసరికి గొంతు పెంచి, సరిగ్గా నేను చదివినట్టే అన్నది.

"మీరు అప్పుడు అక్కడే ఉన్నారా అవ్వా?" అని ఒకామె అడిగింది.

"గీ ఇంట్లనే బిడ్డ. గీ చెవులతోటే విన్న. దాని గొంతే."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఈ ఇంట్లోనే విన్నది, నా గొంతుతోనే విన్నది. నేను బయటికి వచ్చి కాదని అనొచ్చు. అంటే ఆ రాత్రి నుంచి ఆమె మళ్లీ లేచి కూర్చుంటుంది. చాయ్ గ్లాసులు పళ్లెంలో పెట్టుకొని బయటికి వచ్చి వాళ్ల ముందు పెట్టాను. అమ్మాయిలు నా ముఖం వైపు చూడలేదు. ఆ ఇద్దరిలో పెద్దామె ఒక్కతే థాంక్స్ అన్నది.